నటుడు రాస్తే అది రచన కాదా?

లాకులరేవు:
ఇరవై ఏళ్లుగా పరిషత్తుల్లో, అంటే నాటక పోటీల్లో, నాటకాలు ఆడుతున్నాను. మూడేళ్ల కిందట మొదటిసారి సొంతంగా ఒక నాటిక రాశాను. గోదావరి కాలవ లాకు దగ్గర చక్రం తిప్పి నీళ్లు వదిలే లస్కరు కథ. మొన్న ఒక పోటీలో న్యాయనిర్ణేత ఒకరు "బాగా ఆడింది కానీ ఇది నటుడి రాత, రచన కాదు" అన్నారు. బహుమతి రాలేదని కాదు నా బాధ. ఆ మాటకి రాత్రంతా నిద్ర పట్టలేదు. వేషం కట్టేవాడు రచయిత అనిపించుకోవాలంటే ఇంకేం చేయాలి?

భీమవరం మాస్టారు:
మాట పరుషమే, కానీ కొట్టిపారేయలేం. మా దగ్గర మత్స్యపురిలో పుట్టిన కాళ్లకూరి నారాయణరావు గారు వేశ్యావ్యసనం కాపురాలను ఎలా కూలుస్తుందో చూపించడానికి 'చింతామణి' నాటకం రాశారు. తర్వాత ఊరూరా ఆడినవాళ్లు సుబ్బిశెట్టి పాత్రలో చప్పట్ల కోసం మాటలు కలుపుకుంటూ పోయారు. బూతు పెరిగింది. ఒక కులాన్ని కించపరుస్తోందని ఫిర్యాదులు వచ్చాయి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. రాసినాయన 1927లోనే పోయారు, తన మాట ఏదో చెప్పుకోవడానికి లేరు. నటుడి చెవి ఎప్పుడూ జనం వైపే ఉంటుందండీ. రాసే చేతికి అది ప్రమాదం.

లాకులరేవు:
మాస్టారూ, చింతామణి సంగతి ఒప్పుకుంటాను. కానీ నటుడికి కలపడం ఒక్కటే తెలుసనుకోకండి. నా నాటికలో కూతురి పెళ్లి చెడిపోయిందని తెలిసిన రాత్రి లస్కరు పేజీన్నర మాట్లాడతాడు. రాసినప్పుడు నాకే కళ్లు చెమర్చాయి. రిహార్సల్లో లాకు చక్రం తిప్పుతూ ఆ మాటలు చెప్పబోతే ఊపిరి అందలేదు. బరువు తిప్పేవాడు అంత మాట్లాడడని అప్పుడు తెలిసింది. ప్రదర్శన ప్రదర్శనకీ కొంత కొట్టేస్తూ వచ్చాను. పదకొండోసారికి "నీళ్లొదిలేశానమ్మా" అన్న ఒక్క మాట మిగిలింది. బల్ల ముందు ఎన్నాళ్లు కూర్చున్నా ఆ మాట నాకు దొరికేది కాదు. ఇది రచన కాకపోతే మరేమిటి?

రాజమండ్రి పాఠకురాలు:
చిలకమర్తి లక్ష్మీనరసింహం గారిని రచయిత కాదని ఎవరూ అనరు కదా. ఆయన కూడా రాజమండ్రిలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారి నాటక సమాజం కోసమే నాటకాలు రాశారు. 'గయోపాఖ్యానం' మొదట వచనంలోనే ఉండేది, పద్యాలు తర్వాత చేర్చారు. అంటే రంగస్థలం ఆయన చేత కూడా తిరగరాయించింది. ఇక మన కోనసీమ నేదునూరు నుంచి వచ్చిన ఎల్.బి. శ్రీరామ్ గారు ముందు నాటకాలు, తర్వాత సినిమాలకు మాటలు రాశారు. జనం ఆయన ముఖం గుర్తుపట్టింది ఆ తర్వాతే. ఆయన్ని ఏ గాటన కడతారు?

నాకు మనసులో ఉన్న బాధ వేరే. మా నాన్నగారు ఆడిన నాటకం నోటుబుక్కు మా ఇంట్లో ఉంది. మూడు రకాల సిరాలు, మూడు దస్తూరీలు. ఎవరు ఏది మార్చారో చెప్పేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. మొదటి పేజీలు చినిగిపోయాయి, రచయిత పేరు కూడా లేదు. లాకులరేవు గారూ, మీ నాటిక వెంటనే అచ్చు వేయించండి. ఆ న్యాయనిర్ణేతకు సమాధానం తర్వాత చెప్పొచ్చు.

భీమవరం మాస్టారు:
ఈ మాటకు నేనూ కట్టుబడతాను. అయితే ఏ ప్రతి వేస్తారు?

లాకులరేవు:
పదకొండోదేనండి. ఆ పేజీన్నర వేయను.

భీమవరం మాస్టారు:
అక్కడే మీతో పేచీ. వెనక అనుబంధంగానైనా ఆ పేజీన్నర ఉంచండి. రేపు ఆ వేషం కట్టే కుర్రాడికి తను మింగేయాల్సిన మాటలేమిటో తెలియాలి కదా.

లాకులరేవు:
అలా ఆలోచించలేదు మాస్టారూ. పాత కాగితాలు అటక మీద ఉన్నాయి. దించుతాను.