సంజీవయ్య గారిని 1962లో సీఎంగా ఎందుకు కొనసాగించలేదు?

ప్రశ్న (హంద్రీ ఒడ్డు):
మాది కర్నూలు పక్కనే. దామోదరం సంజీవయ్య గారి గురించి ఎక్కడ చూసినా "దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి" అన్న ఒక్క వాక్యం రాసి వదిలేస్తున్నారు. 1960 జనవరిలో సీఎం అయ్యారు, అప్పటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు. 1962 ఎన్నికల్లో కాంగ్రెస్ మళ్లీ గెలిచింది కదా, మరి ఆయన్నే ఎందుకు ఉంచలేదు? ఆ రెండేళ్లలో నిజంగా ఏం చేశారో తెలిసినవాళ్లు చెప్పండి.

పాతబస్తీ:
అసలు ఆయనకు సీఎం పదవి ఎలా వచ్చిందో చూస్తే సగం అర్థమవుతుంది. అప్పటి సీఎం నీలం సంజీవరెడ్డి గారు ఏఐసీసీ (కాంగ్రెస్ జాతీయ కమిటీ) అధ్యక్షుడిగా వెళ్లడంతో ఇక్కడ సీటు ఖాళీ అయింది, కాంగ్రెస్‌లో గ్రూపులు బలంగా ఉన్న రోజులు, తన వెనక పెద్ద కులబలం గానీ భూములు గానీ లేని మనిషిని ఢిల్లీ ఒప్పుకుని కూర్చోబెట్టింది. 1962 మార్చిలో సంజీవరెడ్డి గారు తిరిగొచ్చి సీఎం అయ్యారు, ఆయన వదిలిన ఏఐసీసీ అధ్యక్ష పదవి కొద్ది నెలలకే సంజీవయ్య గారికి ఇచ్చారు. అంటే ఇద్దరూ కుర్చీలు మార్చుకున్నట్టే. పార్టీ దీన్ని ప్రమోషన్ అనుకోవచ్చు గానీ, సీఎంగా ఉండి ఎన్నికలకు వెళ్లి గెలిచిన మనిషికి ఆ కుర్చీ దక్కలేదన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

రెవెన్యూ రిటైర్డ్:
పాతబస్తీ గారు చెప్పింది సరైనదే, కానీ పని సంగతి కూడా చెప్పుకోవాలి. ఈరోజు ఎవరైనా లంచం తీసుకుంటూ దొరికితే మనం ఏసీబీ అంటాం కదా, ఆ అవినీతి నిరోధక శాఖ మొదలైంది 1961 జనవరిలో, ఈయన హయాంలోనే. వృద్ధాప్య పింఛను కూడా ఆయన కాలంలో వచ్చిందే, తర్వాత ఎన్ని ప్రభుత్వాలు దాని మొత్తం పెంచి ఓట్లు అడిగాయో మీకే తెలుసు. కర్నూలు దగ్గర పెదపాడులో పుట్టిన కొద్ది రోజులకే తండ్రి పోయి, మేనమామ ఇంట్లో పెరిగి, అనంతపురంలో డిగ్రీ, మద్రాసులో లా చదివిన మనిషి అండి, ముసలివాళ్లకు నెలనెలా కొద్దిపాటి డబ్బు అందితే ఇంట్లో ఏం మారుతుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

యూనియన్ మనిషి:
ఢిల్లీ వెళ్లాక చేసింది ఎవరూ మాట్లాడరు, నాకు అదే బాధ. లాల్ బహదూర్ శాస్త్రి గారి కేబినెట్‌లో కార్మిక మంత్రిగా ఉండగా 1965లో బోనస్ చట్టం వచ్చింది. అంతకుముందు బోనస్ కోసం కంపెనీ కంపెనీకీ కొట్లాడాలి, ట్రిబ్యునల్ చుట్టూ తిరగాలి. ఈ చట్టంతో ఇరవై మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట కనీస బోనస్ హక్కు అయింది, కంపెనీకి నష్టం వచ్చిన ఏడాది కూడా. అప్పుడు జీతంలో నాలుగు శాతం, ఇప్పుడు 8.33. దసరాకో దీపావళికో బోనస్ అందుకునే పిల్లలకు ఆ సంతకం వెనక కర్నూలు జిల్లా మనిషి ఉన్నాడని ఎవరు చెప్పాలి?

హంద్రీ ఒడ్డు:
బోనస్ సంగతి నాకు అస్సలు తెలియదు, చాలా థాంక్స్ అన్నా. తర్వాత రాష్ట్రానికి తిరిగి రాలేదా?

పాతబస్తీ:
లేదండి. మళ్లీ సీఎం కాలేదు. 1971లో రెండోసారి పార్టీ అధ్యక్షుడయ్యారు, ఆ పదవిలో ఉండగానే 1972 మేలో పోయారు, 51 ఏళ్లకే. హుస్సేన్ సాగర్ పక్కన పార్కుకూ, విశాఖ దగ్గర లా యూనివర్సిటీకీ ఆయన పేరు పెట్టారు. పేర్లు పెట్టడం మంచిదే, కానీ మీ ఊళ్లో కాలేజీ పిల్లలకు ఏసీబీ, పింఛను, బోనస్, ఈ మూడింటి గురించి చెప్పండి. వీలైతే పెదపాడు తీసుకెళ్లి అక్కడే చెప్పండి.