పెద్ద తాబేలున్న పెరట్లో చిన్నపిల్లలను ఎలా కాపాడుకోవాలి?

ప్రశ్న – అమలాపురం దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి

మాది ఉమ్మడి కుటుంబం. మా బావగారు పదేళ్ళ కిందట అరచేతిలో ఇమిడే సల్కాటా తాబేలు పిల్లను తెచ్చారు. సహారా ఎడారికి దక్షిణపు అంచున బతికే ఆ జాతి ఇంత పెరుగుతుందని అప్పట్లో మాకెవరికీ తెలియదు. ఇప్పుడు ముప్పై కిలోలు దాటి, కొబ్బరితోటంతా తిరుగుతోంది. మాకు ఆరేళ్ళ బాబు, మూడేళ్ళ పాప ఉన్నారు. మొన్న ఆషాఢంలో గోరింటాకుతో ఎర్రగా పండిన పాప కాలివేళ్ళ మీదికి అది నోరు తెరుచుకుని వస్తుంటే, పరుగున వెళ్ళి పాపను ఎత్తుకున్నాను. బాబు దాని వీపెక్కి కూర్చుంటాడు. మా అత్తగారు దాన్ని కూర్మావతారంగా భావించి, ప్రతి శనివారం డిప్పకు పసుపు కుంకుమ పెట్టి, పాపచేత కూడా పెట్టిస్తారు. ఆవిడ మనసు కష్టపెట్టకుండా ఏం చేయాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు – భీమవరం ప్రాంతపు పశువైద్యుడు

అమ్మా, అది పాప మీద కోపంతో వచ్చింది కాదు. ఎరుపు, పసుపు రంగులు కనిపిస్తే తాబేళ్ళు పువ్వో పండో అనుకుని కొరకబోతాయి. పళ్ళు లేకపోయినా, గడ్డిని కోసే ఆ గట్టి దవడ అంచు చిన్న వేలిని కూడా కోయగలదు. మీది మగదైతే మరింత జాగ్రత్త అవసరం. సాటి మగ తాబేలును మెడ కింద పొడుచుకొచ్చిన డిప్ప భాగంతో కుమ్మి పడదోసే అలవాటు దానికి ఉంటుంది కనుక, మనిషి కాళ్ళను కూడా అలాగే కుమ్మవచ్చు. గోడకూ దానికీ మధ్య చిక్కిన పసిబిడ్డ తప్పించుకోలేదు. అది బెదిరి కాళ్ళు లోపలికి లాక్కునేటప్పుడు డిప్ప సందులో వేళ్ళుంటే నలిగిపోతాయి. బాబు వీపెక్కడం ఈ రోజే మాన్పించండి: వెన్నెముక, పక్కటెముకలు డిప్పలోనే కలిసిపోయి ఉంటాయి, దానికి స్పర్శ కూడా తెలుస్తుంది.

జవాబు – నరసాపురం వైపు నుంచి, సల్కాటాను పెంచుతున్న రైతు

కొబ్బరాకు తడికలను నమ్మవద్దండి. అవతలి వైపు కనిపిస్తే చాలు, అది తోసుకుంటూ పోతుంది. కనిపించకపోతే ఆ ప్రయత్నం చాలావరకు మానుకుంటుంది. నేను మొదట రెండడుగుల ఇటుక గోడ కట్టించాను. తాబేలు ఆగింది గానీ మా మనవడు ఆ గోడెక్కి లోపలికి దిగాడు. గోడ ఎత్తు పిల్లల కొలతకు ఉండాలని అప్పుడు తెలిసి, నాలుగడుగులకు పెంచి, గడియ పైన, బయటివైపు పెట్టించాను. పునాది కూడా లోతుగా వేయించండి. ఈ జాతి మీటర్ల పొడవున బొరియలు తవ్వుతుంది, మన ఒండ్రుమట్టిలో కొద్ది లోతుకే నీరు ఊరుతుంది కనుక అవి కూలిపోతాయి, వాటిలో పాములు చేరవచ్చు, పిల్లలు తల దూర్చవచ్చు. కొత్తగా తవ్విన మట్టి కనిపిస్తే ఆ రోజే చూడాలి. అది నీళ్ళు తాగే తొట్టి కూడా ఆవరణలోపలే ఉండాలి, పసిబిడ్డకు జానెడు నీళ్ళు కూడా ప్రమాదమే.

జవాబు – పిల్లల వార్డులో పనిచేసే నర్సు, రాజమహేంద్రవరం

గాయం కంటికి కనిపిస్తుంది, సాల్మొనెల్లా కనిపించదు. ఆరోగ్యంగా ఉన్న తాబేలు పేగుల్లో కూడా ఆ సూక్ష్మజీవి ఉండవచ్చు. అది మలంలో ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు, అందువల్ల ఒక పరీక్షలో లేదని తేలినా ధీమా పడకూడదు. అది సోకితే అయిదేళ్ళలోపు పిల్లలకు విరేచనాలు, జ్వరం తీవ్రమవుతాయి, ఒక్కోసారి అది రక్తానికీ పాకుతుంది. చిన్న తాబేళ్ళను పిల్లలు నోట్లో పెట్టుకుంటున్నారనే అమెరికాలో 1975లో నాలుగు అంగుళాలలోపు డిప్ప ఉన్న తాబేళ్ళ అమ్మకాన్ని నిషేధించారు. పెద్దవాటిలో ఆ సూక్ష్మజీవి ఉండదని దాని అర్థం కాదు. డిప్పను ముట్టుకున్న వేళ్ళతోనే పాప ప్రసాదం తింటుంది కదా, నాకు ఎక్కువ భయం కలిగించింది అదే. పూజ అత్తగారే చేసి, సబ్బుతో చేతులు కడుక్కున్నాక ప్రసాదం పంచమనండి. పాప గోడ ఇవతల మీ చంకలో ఉండి దణ్ణం పెట్టుకోవచ్చు. తొట్టి నీళ్ళను గిన్నెలు తోమే చోటగానీ, పిల్లలు దిగే బోదెలోగానీ పారబోయకండి.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ నమస్కారాలు. మీ జవాబులు అత్తగారికి చదివి వినిపించాను. పాపకు జ్వరం వస్తుందన్న మాట వినగానే ఆవిడే ముందుగా ఒప్పుకున్నారు. గోడకు ఇటుకలు రేపు దిగుతాయి. అది పూర్తయ్యేవరకు పిల్లలిద్దరినీ పెరట్లోకి వెళ్ళనివ్వడం లేదు.