కాలనీ సందుల్లో కర్రీ పాయింట్లు ఉండాలా, మెయిన్ రోడ్డుకు పంపాలా?

మొదటి అంతస్తు:
అమీర్‌పేట, కూకట్‌పల్లి వైపు ఏ సందులో చూసినా ఇంటి కింద షట్టరు, అందులో కర్రీ పాయింటు. అమ్ముకోండి, కాదనను. వంట మాత్రం ఇళ్ళ మధ్య వద్దు, వేరేచోట వండి తెచ్చుకోండి. నా గొడవ రుచి గురించి కాదు, డ్రైనేజీ గురించి. నాలుగు కాపురాలకు వేసిన పైపులోకి రోజూ అంతమంది వంటగిన్నెల జిడ్డు వదిలితే అది చల్లారి గోడలకు పేరుకుంటుంది. దానికి మెతుకులు, కరివేపాకు పట్టుకుంటాయి. మ్యాన్‌హోల్ పొంగేది పక్కింటి గుమ్మం ముందు.

గరిటె:
పొంగేది గ్రీజ్ ట్రాప్ లేకపోవడం వల్లండీ. సింకుకూ డ్రైనేజీకీ మధ్య రెండు మూడు అరల తొట్టి పెట్టాలి. నీళ్ళు నిదానించినప్పుడు జిడ్డు పైకి తేలుతుంది, మెతుకులు అడుగుకు దిగుతాయి, మధ్య నీరే బయటికి పోతుంది. ముందు గిన్నెల్లో మిగిలింది చెత్తబుట్టలోకి గీకేయాలి. తేలిన జిడ్డు కనీసం వారానికోసారి తీయాలి. తీయని తొట్టి ఉన్నా లేనట్టే. చాలామంది వేడినీళ్ళు పోసి పైపు బాగైందనుకుంటారు. జిడ్డు కరిగి కాస్త ముందుకు పోయి అక్కడ గడ్డకడుతుంది, అంతే.

హాస్టల్ గల్లీ:
బయట వండి తెమ్మనుడు అలకగనే ఉంటది అన్నా. పప్పు, సాంబారు ఆటోల తెచ్చి రాత్రి తొమ్మిదిన్నర దాంక అమ్మాలె. 60 డిగ్రీల కింద పడ్డదంటే క్రిములు పెరుగుడు షురూ. ఇక్కడ్నే వండితె రెండు విడతల్ల వండుకోవచ్చు. అన్నం, పులిహోర ఇంకా డేంజర్: బయట గంటలకొద్దీ ఉంటె అండ్ల తయారైన విషం మళ్ళ వేడి చేసినా పోదు. కొబ్బరి పచ్చడి సంగతి చెప్పనే అక్కర్లేదు. మెయిన్ రోడ్డు మీద షట్టరు కిరాయి కట్టినోడు గదే రేటుకు కూర ఇస్తడా? రూముల్ల ఉండే పిల్లలు ఏం తినాలె?

షట్టరు పక్కిల్లు:
జిడ్డు సంగతి సరే, పొగో? గోడకు ఫ్యాను బిగించి పక్కింటి కిటికీలోకి ఊదడాన్ని ఎగ్జాస్ట్ అనరు. పొగ గొట్టం, అంటే డక్టు, మేడ పైదాకా వెళ్ళాలి, పొయ్యి మీద పొగ పీల్చే హుడ్‌లోని ఫిల్టర్లు వేడినీళ్ళు, వాషింగ్ సోడాతో కడుగుతుండాలి. జిడ్డు పట్టిన డక్టుకు మంట అంటుకుంటే ఆపడం కష్టం. ఇక సిలిండర్లు: ఇంటివాడకపు 14.2 కిలోలది అక్కడ వాడకూడదు, కమర్షియల్‌దే (మామూలుగా 19 కిలోలది) ఉండాలి. లైసెన్సు లేకుండా నిల్వ 100 కిలోలు దాటకూడదు, అంటే నిండువి ఐదు. ఎల్పీజీ గాలికన్నా బరువు, లీకైతే నేలబారున పాకుతుంది. అందుకే గాలి పోయే కంత నేల దగ్గర కూడా ఉండాలి. సెల్లార్‌లో పెట్టేవాళ్ళకు ఏమని చెప్పాలి!

గరిటె:
సెల్లార్, స్టిల్ట్ పార్కింగ్ విషయంలో నేనూ మీవైపే. అక్కడ షట్టరు పెట్టనివ్వకూడదు. మిగతావాళ్ళ దగ్గర గోడమీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు చూడండి. 14 అంకెలుంటాయి, 1తో మొదలైతే లైసెన్సు, 2తో అయితే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్. అసలు లేకపోతే మూయించమనండి, ఒప్పుకుంటా.

మొదటి అంతస్తు:
నంబరుంటే నూనె మారుస్తారా? నూనె మళ్ళీమళ్ళీ కాగితే అందులో పెరిగే ధ్రువ పదార్థాలు (పోలార్ కాంపౌండ్లు) 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 నుంచీ రూలుంది. సందులో కొలిచేదెవరు?

గరిటె:
కొలిచే మీటరు లేకపోయినా కళ్ళున్నాయిగా. నురగ అణగకుండా పొంగినా, చిక్కగా జిగటగా నల్లబడినా, మామూలు మంటకే పొగ వచ్చినా ఆ నూనె అయిపోయినట్టే. పాతదాంట్లో కొత్తది కలిపితే కొత్తదీ త్వరగా చెడుతుంది. తీసిన నూనె సింకులో పోయకుండా బయోడీజిల్ కోసం కొనేవాళ్ళకు ఇవ్వొచ్చు.

హాస్టల్ గల్లీ:
కవర్ల ముచ్చట ఎవ్వరూ ఎత్తలే. మసిలే సాంబారు పల్చటి ప్లాస్టిక్ల పోసి ముడేసుడు మాత్రం బంద్ కావాలె. స్టీలు క్యాను తెచ్చినోళ్ళకు ఓ గంటె ఎక్కువ పోస్తె సగం కవర్లు అవే తగ్గుతయి.

షట్టరు పక్కిల్లు:
క్యాను సరే. ముందు డక్టు ఖర్చు ఓనరుదా, కిరాయిదారుదా? అగ్రిమెంటులో రాయకపోతే ఇద్దరూ పెట్టరు.