పాత్రపోషణా, వేషం కట్టడమా?

ప్రశ్న: ఆటల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. రోల్ ప్లేయింగ్ గేమ్ అని ఉన్నచోటల్లా "పాత్రపోషణ క్రీడ" అని పెట్టుకుంటూ పోయాను. తిరిగి చదివితే ప్రభుత్వ ప్రకటనలా ఉంది. నలుగురి నోట ఆడే మాట ఏదైనా ఉందా? వ్యాసమంతా సిటీ ఆఫ్ హీరోస్ అనే సూపర్‌హీరోల ఆన్‌లైన్ ఆట గురించి. ఆడినవాళ్ళుంటే చెప్పండి.

ఆదివారం ఆటగాడు: నేను ఆడతానండి. పెద్ద ఆటగాణ్ణేం కాదు, ఆదివారం భోజనాలయ్యాక ఓ గంట కూర్చుంటాను, అంతే. నన్నడిగితే "వేషం కట్టడం" అనండి. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

పాత్రపోషణ అంటే ఎవరో రాసిపెట్టిన పాత్రని మనం మొయ్యడం. ఇక్కడ ఆ పని లేదు. మన హీరోని మనమే తయారుచేసుకోవాలి. వాడికి శక్తి ఎలా వచ్చిందో ముందు చెప్పమంటుంది ఆట: సాధన చేసి సంపాదించిందా, మంత్రమా, సైన్సా, మ్యుటేషనా, యంత్రమా. తరవాత పోరాడే తీరు. దూరం నుంచి కాల్చేవాడు బ్లాస్టర్, ముందు నిలబడి దెబ్బలు కాచుకునేవాడు ట్యాంకర్, పక్కవాళ్ళకి బలం పోసేవాడు డిఫెండర్, ఇలా. ఇదంతా రెండు నిమిషాల పని. ఆ తరవాత వచ్చే తెర దగ్గరే నేను ఇరుక్కుపోయాను. ముసుగు, భుజకవచం, చేతి తొడుగులు, బెల్టు, బూట్లు, ఛాతీ మీద గుర్తు, ఒక్కోదానికి విడివిడిగా రంగులు. భుజాల వెడల్పు, నడుము, కాళ్ళ పొడవు వేటికవే జరుపుకోవచ్చు. మొదటి ఆదివారం ఒక్క దొంగనీ పట్టుకోకుండానే చీకటి పడింది. 2004లో ఈ ఆట వచ్చినప్పుడు జనం నోరారా మెచ్చుకున్నదీ ఆ తెరనే.

ఇంకో మాట. పాత రోజుల్లో 20వ స్థాయికి చేరితే దక్కేది వీపున రెపరెపలాడే కేప్, 30కి ఒంటి చుట్టూ వెలుగు. ఆయుధాలు కావు, అలంకారాలు. ఇలాంటి ఆటకి "పోషణ" అని పేరు పెడితే ఎలా అతుకుతుంది చెప్పండి.

కరీంనగర్ సభ్యుడు: మా దిక్కు "ఏషం కట్టుడు" అంటరన్నా. చిందు భాగోతంల గదే మాట. కని ఒక్క పరేశాని ఉన్నది. "ఏందిరా, ఏషాలేస్తున్నవా" అంటే తిట్టు గదా. ఆట పేరుల తిట్టు వినపడదా?

ఆదివారం ఆటగాడు: తిట్టు వినపడేది బహువచనంలోనండి, అదీ "వెయ్యడం" పక్కన చేరితేనే. "వేషాలేస్తున్నాడు" అంటే మోసగాడు. "వేషం కట్టాడు" అంటే రంగు పూసుకుని, కిరీటం పెట్టుకుని, గజ్జె కట్టి నిలబడ్డవాడు. పగటివేషాల వాళ్ళని ఊరంతా గుమ్మాల్లోకొచ్చి చూసేది. అర్ధనారీశ్వరుడి వేషమైతే తెర అటూ ఇటూ మార్చి ఒకసారి శివుణ్ణి, ఒకసారి పార్వతిని చూపిస్తారు. అది మోసమని ఎవరూ అనరు, ఎంత బాగా కట్టాడో అంటారు.

నాట్యం మాస్టారు: నాయనా, వేషం కట్టగానే సరిపోదు. తానెవరో చెప్పుకోవాలి. మాకు ప్రవేశ దరువు ఉంటుంది. సత్యభామ తెర వెనక నిలబడి జడ తెర మీదుగా వేస్తుంది, ఆ తరవాతే "భామనే సత్యభామనే" అని తన పేరు, తన గొప్ప చెప్పుకుంటుంది. మీ ఆటలో ఆ ఏర్పాటు ఉందా?

ఆదివారం ఆటగాడు: ఉంది మాస్టారూ! వేషం అయ్యాక తన కథ రాసుకోవడానికి ఒక ఖాళీ పెట్టె ఇస్తారు. ఎదురుపడ్డవాళ్ళు దాన్ని తెరిచి చదువుకోవచ్చు. నేను దెబ్బలాటల కన్నా ఆ కథలు చదవడమే ఎక్కువ చేస్తుంటాను. అట్లాస్ పార్క్ అని ఒక పేట, భూగోళం మోస్తున్న పెద్ద విగ్రహం, దాని కింద ఎప్పుడూ జనం. అక్కడ ఎవరో ఒకరు వేషాల పోటీ పెడతారు. పోటీదార్లంతా వరసగా నిలబడితే న్యాయనిర్ణేత ఒక్కొక్కరి ముందూ ఆగి కథ చదువుతాడు. నెగ్గినవాళ్ళకి ఆటలోని డబ్బే బహుమతి.

ఆ డబ్బు పేరు భలే ఉంటుంది. హీరో కాబట్టి రూపాయలు, డాలర్లు అడగడు. వాడు సంపాదించేది ఇన్‌ఫ్లుయెన్స్. దర్జీ దగ్గరికెళ్ళి బట్టలు మార్చుకున్నా దాంతోనే చెల్లించాలి. విలన్ల వైపు అదే డబ్బుకి ఇన్‌ఫమీ అని పేరు.

అడిగినవారు: మొదటిది పలుకుబడి, రెండోది అపకీర్తి. అంతేగా?

కరీంనగర్ సభ్యుడు: పలుకుబడి పక్కా. మన తాన గుడ పైసల్లేకుంటే దాంతోనే పనులైతయి.

నాట్యం మాస్టారు: ఒకరి వేషం ఇంకొకరు కట్టేస్తే? మా కాలంలో ఆ విషయంలో పెద్ద పట్టింపులుండేవి.

ఆదివారం ఆటగాడు: దాని మీద కోర్టు దాకా వెళ్ళారు మాస్టారూ. 2004 నవంబరులో మార్వెల్ కంపెనీ దావా వేసింది. ఈ ఆటలో మా హీరోల వేషాలు అచ్చుదించినట్టు కట్టుకోవచ్చు, కాబట్టి ఆట చేసిన క్రిప్టిక్, నడిపే ఎన్‌సీసాఫ్ట్ రెండూ బాధ్యులే అని. తమాషా ఏంటంటే, సాక్ష్యంగా పెట్టిన వేషాల్లో కొన్ని ఆటగాళ్ళు కట్టినవి కావు. మార్వెల్ తరఫువాళ్ళే ఆటలోకొచ్చి కట్టినవి! కోర్టు వాటిని పక్కన పెట్టించింది. చివరికి 2005 డిసెంబరులో రాజీ అయ్యారు.

అడిగినవారు: ఇంకొక్కటి. సైడ్‌కిక్ అనే మాట అడుగడుగునా వస్తోంది. "వంత" అనొచ్చా, బుర్రకథలో లాగా?

ఆదివారం ఆటగాడు: నాకు నచ్చింది. ఆటలో ఆ ఏర్పాటు ఎలా ఉండేదంటే, నాలాంటి చిన్న స్థాయివాణ్ణి పెద్ద స్థాయి స్నేహితుడు వెంట పెట్టుకుంటే, నా బలం అతని స్థాయికి ఒక్క మెట్టు కిందికి చేరుతుంది. కాకపోతే అతని దరిదాపుల్లోనే ఉండాలి. నాలుగడుగులు దూరం పోయామా, బలం జారిపోయి మనం మళ్ళీ మనమే, ఎదురుగా మాత్రం పెద్ద రౌడీలు. ఇప్పుడు ఆ కట్టుబాటు తీసేశారు, జట్టులో చేరితే చాలు. రోజూ ఆడే తీరిక లేనివాళ్ళకి ఇంతకన్నా మేలు ఏ ఆటా చెయ్యలేదని నా అభిప్రాయం.

నాట్యం మాస్టారు: "వంత పాడటం" అంటే భజన చెయ్యడమనే అర్థం స్థిరపడిపోయింది నాయనా. "తోడు" అనండి, దోషం లేదు.

కరీంనగర్ సభ్యుడు: అన్నా, అంతా మంచే చెప్పవడితివి. ఆటల లోపమే లేదా?

ఆదివారం ఆటగాడు: ఎందుకు లేదు! దొంగల స్థావరం అని పంపిస్తారు, వెళ్తే అదే గిడ్డంగి. ఇంకోచోటికి పంపిస్తారు, అదే ఆఫీసు, అదే లిఫ్టు. గుహలైతే మరీ, దారి తప్పడం కూడా ఒకే మలుపు దగ్గర. ఓడిపోతే అప్పు పడుతుంది. మొదట్లో అయితే ఆ తరవాత సంపాదించిన అనుభవం పాయింట్లలో (స్థాయి పెరిగేది వాటితోనే) సగం ఆ అప్పుకే జమ. ఎగరడం మాత్రం అద్భుతం. పాత రోజుల్లో 14వ స్థాయి దాకా నడకేనట, నాకా కష్టం లేదు.

అడిగినవారు: ఆట మూసేశారని విన్నానే?

ఆదివారం ఆటగాడు: 2012 నవంబరు 30న మూసేశారు. అభిమానులు రహస్యంగా నడుపుకుంటున్న సంగతి 2019లో బయటపడ్డాక హోమ్‌కమింగ్ పేరుతో అందరికీ తెరిచారు. 2024 జనవరిలో ఎన్‌సీసాఫ్ట్ వాళ్ళకి అధికారికంగా అనుమతి కూడా ఇచ్చింది. ఆడటానికి పైసా అక్కర్లేదు, విరాళాలతో నడుస్తోంది.

అడిగినవారు: సంతోషం. "వేషం కట్టే ఆట" ఖాయం చేస్తున్నాను. కేప్ మిగిలింది. "కండువా" అని రాయనా?

కరీంనగర్ సభ్యుడు: వద్దు సార్! 20వ స్థాయికి రాంగనే కండువా కప్పిండ్రు అని రాస్తే, హీరో పార్టీ మారిండనుకుంటరు.

అడిగినవారు: సరే, కేప్ కేప్‌గానే ఉంచేస్తా.