జుజుట్సు కైసెన్ 0 ముందు చూడాలా, సీజన్ 1 అయ్యాకా?

రాత్రిబండి: మా తమ్ముడు జుజుట్సు కైసెన్ మొదలెడతానంటున్నాడు, అదే, శాపాలతో పోరాడే మాంత్రికుల జపాన్ యానిమే. కథ వరుసలో 0 అనే సినిమానే ముందు. అది 2017 డిసెంబర్ 24న షింజుకు, క్యోటోల మీద విలన్ గెతో చేసే దాడితో ముగుస్తుంది, సీజన్ 1 కథ 2018లోది. విడుదల మాత్రం తిరగేసి జరిగింది: సిరీస్ 2020 అక్టోబర్‌లో, సినిమా 2021 డిసెంబర్‌లో. ఏది ముందు చూపించమంటారు? కింద స్పాయిలర్లు తప్పవు, చూడనివాళ్లు ఇక్కడే దిగిపోండి.

సబ్_మాత్రమే: ఇందులో అడగడానికేముంది బ్రో, విడుదల వరుసే. సీజన్ 1లో మాకి, పాండా, ఇనుమాకి మాంత్రికుల బడిలో సీనియర్లు. వాళ్ల మాటల్లో సినిమా హీరో ఒక్కోత్సు యూతా పేరు వినిపిస్తుంది, మనిషి మాత్రం రాడు. ఎవడ్రా వీడు అనుకుంటూ ఉండగా సినిమా వస్తుంది. ఆ ఊరింపు ఎందుకు పోగొట్టుకోవాలి?

షిబుయా_బాధితురాలు: విడుదల వరుస అంటున్నారు, ఏ విడుదల అండీ? రచయిత గెగె అకుతమి ఈ కథని 2017లోనే జంప్ గిగా పత్రికలో నాలుగు అధ్యాయాల కామిక్‌గా వేశారు. వీక్లీ షోనెన్ జంప్‌లో అసలు సిరీస్ మొదలైంది 2018 మార్చిలో. ఆ నాలుగు అధ్యాయాలే తర్వాత 0వ సంపుటి అయ్యాయి. ప్రీక్వెల్ అని మనం పిలుచుకోవడమే గాని పుట్టుకలో పెద్దది ఇదే.

ఇక గెతో సంగతి. సినిమాలో అతని నుదుటి మీద కుట్లు లేవు. చివర్లో పాత స్నేహితుడు, బడిలో టీచరైన గోజో చేతిలో పోతాడు. అది చూసి సీజన్ 1కి వెళ్తే, ఫ్యామిలీ రెస్టారెంట్‌లో జోగో అనే శాపంతో తాపీగా మాట్లాడుతూ అదే మనిషి, నుదుటి మీద కుట్లతో! గుండె జారిపోతుంది. మీ వరుసలో చూసినవాడికి అతను కాషాయం కట్టిన ఇంకో విలన్, అంతే.

సబ్_మాత్రమే: తిరగేసి చూడండి. సీజన్ 1లో దర్జాగా తిరిగినవాడు అంతకు ముందు ఏడాదే చచ్చాడని సినిమాలో తెలిస్తే? ఆ చిక్కు సీజన్ 2లోని షిబుయా ఘట్టం దాకా బుర్ర తొలుస్తూనే ఉంటుంది. పైగా గోజో ఎవరికీ అందని మనిషని జోగోతో ఫైట్‌లో చూసినవాడికే, గెతో ముందు అతను అలా కూర్చుండిపోవడం బరువుగా తాకుతుంది.

పాత_క్యాసెట్: మీరిద్దరూ గెతో, గోజో అంటూ కొట్టుకుంటున్నారు, సినిమా అసలు యూతాది, చనిపోయాక శాపంగా అతన్ని అంటిపెట్టుకున్న చిన్ననాటి నేస్తం రికాది కదా? నాకు అక్కడే తేడా కొట్టింది. 105 నిమిషాల సినిమాలో రికాకి మనసంటూ ఎంత చూపించారు? చిన్నప్పుడు ఉంగరం, రోడ్డు ప్రమాదం, ఆ తర్వాత ఆ పిల్ల ఒక ఆయుధం. దానికి మనం ఏడవాలి.

సుధ_వైజాగ్: పాత_క్యాసెట్ గారూ, ఆయుధం అన్నమాట ఒప్పుకుంటాను. కానీ చివరి మలుపు చూడండి. రికా యూతాని పట్టుకు వేలాడలేదు, ఆమె చావుని ఒప్పుకోలేక శపించింది యూతానే. ఇన్నేళ్లూ బాధితుడనుకున్నవాడే కారకుడు. అప్పటిదాకా రికా మనసు చూపించకపోవడం లోపం కాదు, ఆమెని ఆమెగా ఉండనివ్వకపోవడమే యూతా చేసిన పని.

యూతా, గోజో ఇద్దరూ సుగవర నో మిచిజానె వంశం అని సినిమాలో అలవోకగా చెప్పి వదిలేస్తారు. మిచిజానె నిజంగా ఉన్న మనిషి. క్యోటో కొలువులో పెద్ద పండితుడు, మంత్రి. పగవాళ్లు దజైఫుకి వెళ్లగొడితే 903లో అక్కడే పోయాడు. తర్వాత రాజధానిలో పడిన పిడుగులు, చావులు ఆయన పగేనని భయపడి కితానోలో గుడి కట్టారు. ఇప్పుడు పరీక్షలకి ముందు పిల్లలు మొక్కుకునేది ఆయనకే. అకాలంగా పోయినవాళ్లని పేరంటాలుగా కొలిచే ఊళ్లు మనకీ ఉన్నాయి కాబట్టి ఇది కొత్తగా అనిపించదు. శాపాన్ని నరికిపారేయకుండా సాగనంపడం ఆ వంశం కుర్రాడికే దక్కింది. నా లెక్కలో సినిమా అక్కడే సిరీస్ కంటే ఓ మెట్టు పైన ఉంది.

పాత_క్యాసెట్: మిచిజానె కథ బాగుంది. దానివల్ల రికా పాత్రకి ఒరిగిందేమీ లేదు.

టిఫిన్_టైమ్: తెలుగు డబ్ ఎలా ఉందో ఎవరైనా చెప్తారా

మోడరేటర్: డబ్ గురించి వేరే చర్చ ఉంది, అక్కడ అడగండి.

ఐదో_ఎపిసోడ్: అందరూ ఒకటి మర్చిపోతున్నారు. సినిమా సిరీస్‌కి లోతు తెచ్చిందంటున్నారు గాని, తెచ్చింది 2023లో వచ్చిన సీజన్ 2 మొదటి ఐదు ఎపిసోడ్‌లు. గెతో, గోజో కాపాడాల్సిన అమ్మాయి అమనాయి రికో శవం ముందు జనం చప్పట్లు కొట్టడం చూశాకే గెతో ఎందుకు అలా తయారయ్యాడో అర్థమవుతుంది. సినిమాలో రెండు మూడు చిన్న ఫ్లాష్‌బ్యాకులు తప్ప ఏముంది? మామూలు మనుషుల్ని కోతులని తిట్టే స్వామీజీ, అంతే. చివర్లో గోజో అతనితో అన్న మాట మనకి వినపడనివ్వరు. ఆ ఐదూ చూశాక మళ్లీ ఆ సీన్ పెట్టుకోండి, మాట వినపడకపోయినా పర్లేదనిపిస్తుంది. అందుకే నా వరుస: సీజన్ 1, ఆ ఐదు ఎపిసోడ్‌లు, సినిమా, షిబుయా.

షిబుయా_బాధితురాలు: బాగుంది గాని, మొదటిసారి చూసేవాడితో సీజన్ మధ్యలో ఆపించి సినిమా పెట్టిస్తారా? రెండోసారి చూసేవాళ్ల వరుస అది.

సబ్_మాత్రమే: సరే, ముందు సినిమా అనేవాళ్లకి ఒక్కటే ప్రశ్న. క్రెడిట్స్ అయ్యాక విదేశంలో గెతో పాత అనుచరుడు మిగెల్‌తో కూర్చుని తింటున్న యూతా దగ్గరికి గోజో వస్తాడు. సీజన్ 1 చూడనివాడికి ఆ సీన్ దేనికి?

షిబుయా_బాధితురాలు: క్రెడిట్స్ దాకా కూర్చునేవాళ్లు ఎంతమందిలెండి. గెతో కుట్ల గురించి జవాబు ఇంకా రాలేదు, దాని సంగతి చెప్పండి.