కరెంటు పోయి వచ్చాక రూటర్‌కు పెట్టిన లేజర్‌జెట్ 1020 ప్రింట్ ఇవ్వట్లేదు (పీ910ఎన్‌డీ)

తీగలపెట్టె:
ఓపెన్‌వర్ట్ (రూటర్లలో వేసుకునే లినక్స్) ఉన్న రూటర్, దాని యూఎస్‌బీకి హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్రింటర్. యూఎస్‌బీ ప్రింటర్ కెర్నల్ మాడ్యూల్ (రూటర్ ప్రింటర్‌ను గుర్తించేందుకు), పీ910ఎన్‌డీ (నెట్‌వర్క్ నుంచి వచ్చే ప్రింట్లను ప్రింటర్‌కు అందించే ప్రోగ్రామ్) వేసి, కాన్ఫిగ్‌లో ఎనేబుల్డ్ విలువ 1 చేశాను. రెండు విండోస్ 10 పీసీల్లో స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్, 192.168.1.1, రా, 9100. మొదటి రోజు రెండింటి నుంచీ ప్రింట్లు వచ్చాయి. ఒకసారి కరెంటు పోయి వచ్చింది, అంతే. జాబ్ క్యూలోంచి వెళ్లిపోతోంది, ఎర్రర్ లేదు, ప్రింటర్ మాత్రం కదలదు. రూటర్ నెట్‌స్టాట్‌లో 9100 పోర్టు లిజన్ (తెరిచే ఉంది) అనే చూపిస్తోంది. ప్రింటర్‌ను నేరుగా పీసీకి పెడితే ప్రింట్ వస్తుంది. స్విచ్ ఆపకుండా ఆ కేబుల్ తీసి రూటర్‌కు పెడితే అక్కడా వస్తుంది! తేడా ఎక్కడుంది?

నల్లసిరా:
మీ ఆఖరి మాటలోనే జవాబుంది. 1020కి తన ఫర్మ్‌వేర్‌ను (ప్రింటర్‌ను లోపల నడిపే ప్రోగ్రామ్‌ను) దాచుకునే చోటు లేదు. స్విచ్ వేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు దాన్ని ఎక్కించాలి. యూఎస్‌బీకి నేరుగా పెట్టినప్పుడు విండోస్ డ్రైవరే ఆ పని చేస్తుంది, 9100 పోర్టు మీదుగా చేయదు. మొదటి రోజు పనిచేసింది పీసీ ఎక్కించిన ఫర్మ్‌వేర్‌తోనే. కరెంటుతో పాటు అదీ పోయింది. 1018, పీ1005లదీ ఇదే తంతు.

పీ910ఎన్‌డీ తప్పేం లేదు. అది స్పూలర్ (జాబులను దాచి వరసలో పంపేది) కాదు, పోర్టులో పడిన బైట్లను ఉన్నవున్నట్టు ఎల్‌పీ0లో (రూటర్‌లో ప్రింటర్‌కు దారి అయిన డివైస్ ఫైలులో) పోసే గొట్టం. ఫర్మ్‌వేర్ లేని ప్రింటర్ వాటిని మింగేసి ఊరుకుంటుంది.

చేయాల్సింది: ఏదైనా లినక్స్ పీసీలో ఫూ2జెడ్‌జేఎస్ అనే ప్రింటర్ డ్రైవర్ ప్యాకేజీ వేసి, దాంతో వచ్చే గెట్‌వెబ్ కమాండ్‌కు 1020 అని ఇస్తే ఫర్మ్‌వేర్ ఉన్న 'ఎస్‌ఐహెచ్‌పీ1020 డాట్ డీఎల్' ఫైలు వస్తుంది. దాన్ని రూటర్‌లో 'రూట్' అనే ఫోల్డర్‌లో పెట్టండి. టెంప్‌లో పెట్టకండి, అది ర్యామ్, రీబూట్‌కు తుడిచిపెట్టుకుపోతుంది. ముందు చేత్తో ఒకసారి క్యాట్ కమాండ్‌తో ఫైలును ఎల్‌పీ0కు పంపి చూడండి. లోపల రోలర్లు గిర్రున తిరిగిన చప్పుడు వస్తే ఎక్కినట్టే.

తర్వాత ఈ పని తనంతట తానే జరగడానికి, ఈటీసీ కింద హాట్‌ప్లగ్ డాట్ డీలోని యూఎస్‌బీ ఫోల్డర్‌లో (యూఎస్‌బీ పరికరం తగలగానే నడిచే స్క్రిప్టుల చోటు) స్క్రిప్టు పెట్టండి: యాక్షన్ 'యాడ్' అయి, ప్రోడక్ట్ విలువ (ప్రింటర్ యూఎస్‌బీ గుర్తింపు) 3ఎఫ్0/2బీ17/100 అయితే ఫైలు పంపాలి. యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో 03ఎఫ్0 అని కనిపిస్తుంది కదా అని ఆ సున్నా కూడా రాస్తే స్క్రిప్టు జన్మలో నడవదు. హాట్‌ప్లగ్‌లో ముందు సున్నా ఉండదు.

చిట్టిరూటర్:
పైదానికి ఒక జాగ్రత్త. యాడ్ ఈవెంట్ వచ్చేసరికి ఎల్‌పీ0 ఇంకా పుట్టి ఉండకపోవచ్చు. రూట్‌గా (పూర్తి అధికారాలతో) నడిచే క్యాట్ ఊరుకోదు. ఫోల్డర్ ఉంటే చాలు, ఎల్‌పీ0 పేరుతో మామూలు ఫైలు తనే సృష్టించేస్తుంది. ఇక జాబులన్నీ నిక్షేపంగా ఆ ఫైలులోకి 'ప్రింట్' అవుతూ ఉంటాయి, ర్యామ్ నిండేదాకా. ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్‌కు ఎల్ ఆప్షన్ ఇచ్చి ఎల్‌పీ0ను చూడండి: వరస మొదటి అక్షరం 'సీ' (క్యారెక్టర్ డివైస్, అంటే అసలైన పరికరం) ఉండాలి, గీత ఉంటే అది ఉత్త ఫైలు. చెరిపేసి ప్రింటర్ ఆపి వేయండి.

అందుకే స్క్రిప్టులో, ఆ పేరుతో ఏదైనా ఉందా అని మాత్రమే చూసే 'ఈ' పరీక్ష వద్దు, అది క్యారెక్టర్ డివైసేనా అని చూసే 'సీ' పరీక్ష పెట్టండి. క్యారెక్టర్ డివైస్ కనిపించేదాకా సెకను చొప్పున ఓ ముప్పై సార్లు చూసి, కనిపించాక పంపాలి. ఈవెంట్ డివైస్‌కు ఒకసారి, ఇంటర్‌ఫేస్‌కు ఒకసారి వస్తుంది కాబట్టి డెవ్‌టైప్ (ఆ రెండింటిలో ఏదో చెప్పే విలువ) కూడా చూడండి, లేకపోతే ఫర్మ్‌వేర్ రెండుసార్లు వెళ్తుంది.

విండోస్ వైపు రెండు టిక్కులు తీసేయండి. పోర్ట్ కాన్ఫిగరేషన్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్క్ మీద పరికరం స్థితి అడిగే పద్ధతి) స్టేటస్, పోర్ట్స్ ట్యాబ్‌లో బైడైరెక్షనల్ (రెండువైపులా మాట్లాడే) సపోర్ట్. మొదటిది ఉంటే ప్రింటర్ బాగున్నా 'ఆఫ్‌లైన్' అంటుంది, ఎందుకంటే ఎస్‌ఎన్‌ఎంపీ ప్రశ్నకు పీ910ఎన్‌డీ జవాబివ్వదు. రూటర్ కాన్ఫిగ్‌లోనూ బైడైరెక్షనల్ 0 చేయండి. 9100ని వ్యాన్ (బయటి ఇంటర్నెట్) వైపు మాత్రం తెరవకండి, దానికి పాస్‌వర్డ్ అనేదే లేదు.

తీగలపెట్టె:
ఎల్‌పీ0 వరసలో గీతే ఉంది. చెరిపి, సీ పరీక్షతో స్క్రిప్టు మార్చాక స్విచ్ ఆపి వేసినా ప్రింట్ వస్తోంది. ఇద్దరికీ థ్యాంక్సండి. ఒక పీసీ నుంచి పెద్ద ఫైలు వెళ్తుంటే రెండోది 'ప్రింటింగ్' దగ్గరే ఆగుతోంది, అది మామూలేనా?

నల్లసిరా:
మామూలే. స్పూల్ లేదు కాబట్టి ఒకసారికి ఒక కనెక్షనే, రెండోది తన పీసీ క్యూలోనే వంతు కోసం ఆగుతుంది. కాగితం అయిపోతే మొదటిది పోర్టును పట్టుకునే ఉంటుంది. ట్రే నింపితే అదే కదులుతుంది, రూటర్ రీబూట్ చేస్తే సగం పేజీ పోతుంది.

పాతకేబుల్:
క్యానన్ ఎల్‌బీపీ2900 కూడా ఇలాగే పెట్టొచ్చా? ఫోన్ నుంచి కూడా కావాలి.

చిట్టిరూటర్:
2900తో ఈ దారి కుదరదండి. క్యానన్ సొంత ప్రింట్ భాష అయిన క్యాప్ట్ పద్ధతిలో డ్రైవరు, ప్రింటరు అడుగడుగునా మాట్లాడుకుంటాయి, ఒకవైపు పోసే గొట్టం చాలదు. ఫోన్ కూడా కావాలంటే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద కప్స్ (లినక్స్ ప్రింట్ సర్వర్), దానికి క్యాప్ట్‌డ్రైవర్ చూడండి. కప్స్ పెట్టిన పెట్టెలోనే పీ910ఎన్‌డీ కూడా పెట్టకండి. కప్స్ ప్రింటర్‌ను లిబ్‌యూఎస్‌బీతో (యూఎస్‌బీ పరికరంతో నేరుగా మాట్లాడే లైబ్రరీతో) పట్టుకోగానే ఎల్‌పీ0 మాయమవుతుంది.