హార్డ్‌డిస్క్ హెడ్డులో రాగి పొరకేం పని?

డిస్కు మేస్త్రి, బెజవాడ:
బీసెంట్ రోడ్డు పక్క సందులో 20 ఏళ్లుగా చచ్చిన హార్డ్‌డిస్కుల్లోంచి డేటా తీసిపెడుతున్నానండి. హెడ్డు, అంటే డిస్కు మీది డేటా చదివే మొన, మార్చాలంటే మే నెలైనా ఫ్యాను కట్టేసుకుని కూర్చోవాల్సిందే, దుమ్ము పడితే పనంతా బూడిదలో పోసినట్టే. మొన్న ఎమ్మెస్సీ చదివే మా మేనల్లుడొచ్చి, 2000 నాటి డిస్కు విప్పి చూపిస్తుంటే, "మావయ్యా, ఈ మొనలో రెండు అయస్కాంతం పొరలూ, మధ్యలో రాగి పొరా ఉంటాయి" అన్నాడు. రాగికి అయస్కాంతం అంటుకోదు కదా, మరి దానికక్కడేం పని? అడిగితే నా బిల్లుబుక్కు వెనకాల ఈక్వేషన్లు రాసిపెట్టి పోయాడు. నేను టెన్త్‌తో ఆపేసినవాణ్ణి. మల్టీమీటరు భాషలో ఎవరన్నా చెప్తారా?

రిటైర్డు లెక్చరరు, గుంటూరు:
కాజా టోల్‌గేటు తెలుసుగా, అక్కణ్ణుంచే చెప్తా. ఎలక్ట్రాన్లలో స్పిన్‌ని బట్టి, అంటే ఒక్కోదానికుండే బుల్లి అయస్కాంతం దిక్కుని బట్టి, రెండు రకాలు. స్కూటర్లు, లారీలు అనుకోండి. ఒక్కో అయస్కాంతం పొర ఒక గేటు. అది ఏ దిక్కున ఉంటే ఆ రకాన్ని తేలిగ్గా వదుల్తుంది, రెండోదాన్ని అడ్డుకుంటుంది. తేలికైతే 1 ఓం, కష్టమైతే 9 ఓంలు అనుకుందాం.

రెండు పొరలూ ఒకే దిక్కున ఉంటే స్కూటర్లకు 1+1, లారీలకు 9+9. రెండూ ప్యారలల్లో కలిపితే 1.8 ఓంలు. ఎదురెదురుగా ఉంటే ప్రతివాడూ ఒక గేటు దగ్గర ఇరుక్కుంటాడు: 10, 10. కలిపితే 5. అంతే కిటుకు.

ఇక మీ రాగి. అది లేకపోతే రెండు పొరలూ అతుక్కుని ఒకే అయస్కాంతమైపోతాయి, ఎదురెదురుగా నిలబడవు. మీ హెడ్డులో ఒక పొరను పక్కనున్న ఇంకో పదార్థం కదలనివ్వకుండా పట్టుకుంటుంది. రెండోది మాత్రం కిందపోయే బిట్టును బట్టి తిరుగుతుంది, దాంతో నిరోధం మారుతుంది, బిట్టు తెలిసిపోతుంది. ఈ కిటుకును (జెయింట్ మ్యాగ్నెటో రెసిస్టెన్స్ అంటారు) 1988లో ఫ్రాన్సులో ఆల్బర్ట్ ఫెర్ట్, జర్మనీలో పీటర్ గ్రూన్‌బర్గ్ విడివిడిగా కనిపెట్టారు, 2007లో నోబెల్ వచ్చింది. వాళ్లు వాడింది రాగి కాదు, ఇనుము మధ్యలో క్రోమియం. ద్రవ హీలియం చలిలో, గట్టి అయస్కాంత క్షేత్రం పెడితే ఫెర్ట్ వాళ్లకు నిరోధం సుమారు సగానికి పడింది. గ్రూన్‌బర్గ్‌కు మామూలు గది వేడిలో ఒకటిన్నర శాతమే.

సన్నపొర:
మాస్టారూ, టోల్‌గేటు బాగుంది గానీ చిన్న పేచీ. ఆ కాలం హెడ్డుల్లో కరెంటు గేట్లకు అడ్డంగా పోదు, పొరల వెంబడే పోతుంది. ఎలక్ట్రాన్లు ఆ పొరలోకీ ఈ పొరలోకీ అటూ ఇటూ తూలుతూ పోతాయి. అందుకే రాగి కొద్ది నానోమీటర్లే ఉండాలి, మందమైతే అవతలి పొర దాకా పోకుండానే దారిలో చెదిరిపోతాయి. మీరన్నట్టు అడ్డంగా పోయేది తర్వాతొచ్చిన టన్నెలింగ్ హెడ్డుల్లో. వాటిలో రాగి బదులు మెగ్నీషియం ఆక్సైడ్, కరెంటు పోనివ్వని సరుకు! పొర మరీ సన్నం కాబట్టి ఎలక్ట్రాన్లు దాన్ని దాటేస్తాయి, అదే టన్నెలింగ్.

రిటైర్డు లెక్చరరు, గుంటూరు:
ఒప్పుకున్నా. మేస్త్రిగారూ, ఓంలన్నానని హెడ్డుకు మల్టీమీటరు పెట్టేరు సుమా. ఆ కరెంటుకే కాలిపోవచ్చు.

డిస్కు మేస్త్రి, బెజవాడ:
ఆలస్యమైంది మాస్టారూ. స్క్రాపు హెడ్డే లెండి. ముందు 40 చిల్లర ఓంలు చూపించింది. స్పీకరు అయస్కాంతం తెచ్చేలోపే ఓపెనైపోయింది.